దగ్గు లేని రోజు కూడా రెండుసార్లు

సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో కఫం గట్టిపడే జన్యు జబ్బు) ఉన్న పిల్లల ఇళ్లలో ఫిజియో, అంటే ఛాతీ తట్టి కఫాన్ని కదిలించే పని, మానేసేది ఎక్కువగా బిడ్డ హుషారుగా ఉన్న రోజుల్లోనే. దగ్గు లేదు, జ్వరం లేదు, అన్నం తింటోంది, ఇవాళ్టికి వదిలేద్దాంలే అనుకుంటారు. మర్నాడూ ఏమీ కాదు. అలా వారం గడిచిపోతుంది. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో మోసం చేసేది ఇదే. చిన్న గాలిగొట్టాల్లో కఫం పేరుకుంటున్నా దగ్గు రాకపోవచ్చు, డాక్టర్ స్టెత్ పెట్టి విన్నా ఛాతీ శుభ్రంగానే ఉన్నట్టు అనిపించవచ్చు. ఊపిరితిత్తుల బలం కొలిచే స్పైరోమీటర్ ఊదించి చూద్దామంటే ఇంకా ఆ వయసు రాలేదు. అందుకే రోజుకు రెండుసార్లు, బాగున్న రోజున కూడా, సరైన వరసలో, శుభ్రమైన సామానుతో చేయాల్సిందే. హైదరాబాద్‌లో మన ఇళ్లలో ఉండే నీళ్లు, ఎండ, పొగ, పెద్దవాళ్ల అభ్యంతరాల మధ్య ఇదంతా ఎలా కుదుర్చుకోవాలో రాస్తున్నాను. మందుల డోసు మాత్రం మీ డాక్టర్ రాసినదే.

కఫం ఎందుకు గట్టిపడుతుందో తెలిస్తే మిగతా వరస అంతా దానంతటదే అర్థమవుతుంది. ఏడో క్రోమోజోమ్ మీద సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు ఉంది. దాన్ని 1989లో గుర్తించారు. అది తయారుచేసే ప్రోటీన్ కణాల గోడలో క్లోరైడ్ వెళ్లే దారి. ఆ దారి పనిచేయకపోతే గాలిగొట్టాల లోపలి పల్చటి నీటిపొర ఎండిపోతుంది. కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు దాని బరువుకి వాలిపోతుంది, కఫం గోడకే అంటుకుపోతుంది, దాంట్లో బాక్టీరియా కాపురం పెడుతుంది. చెమటలో ఇదే దారి ఉప్పును వెనక్కి లాక్కోవాలి, లాక్కోలేదు. అందుకే ఈ పిల్లల్ని ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగులుతుంది. స్వెట్ టెస్టులో లీటరుకు 60 మిల్లీమోల్స్ లేదా అంతకన్నా ఎక్కువ క్లోరైడ్ వస్తే జబ్బు ఉన్నట్టే. కాబట్టి మన పని రెండు ముక్కల్లో ఉంది. ముందు ఆ కఫానికి నీరు చేర్చి పల్చబరచడం, తరవాత దాన్ని కదిలించి పైకి తేవడం. మందును సన్నటి తుంపరగా చేసి పీల్పించే నెబ్యులైజర్ మొదటిది చేస్తుంది, చేతులు రెండోది.

ఆ లోపాన్నే సరిచేసే మాడ్యులేటర్ మందులు వచ్చాయి కానీ వాటి ధర మన దగ్గర చాలా కుటుంబాలకు అందనంత ఎత్తులో ఉంది. అవి వాడుతున్నా ఈ వయసు పిల్లలకు ఫిజియోను డాక్టర్ చెప్పకుండా సొంతంగా మానేయకూడదు. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద మన ఊళ్లో ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల సంస్థ), పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రి కలిసి ఒక ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. జన్యు పరీక్ష రిపోర్టు చేతిలో ఉన్నవాళ్లు అక్కడికి వెళ్లి వివరాలు కనుక్కోవడం మంచిది. తరవాతి కాన్పు గురించి ఆలోచించేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది కాబట్టి.

వేళ, వరస

కడుపు నిండుగా ఉన్నప్పుడు ఫిజియో చేస్తే వాంతి ఖాయం. భోజనం తరవాత కనీసం గంటన్నర, వీలైతే రెండు గంటలు ఆగాలి. అందుకే పొద్దున టిఫిన్‌కు ముందు, సాయంత్రం రాత్రి అన్నానికి ముందు పెట్టుకోవడం అందరికీ కుదిరే పద్ధతి. పడుకోబోయే ముందు చేస్తే కదిలిన కఫం గంటసేపు దగ్గిస్తూనే ఉంటుంది, నిద్ర పాడవుతుంది.

ఉదాహరణకు పొద్దున ఆరున్నరకు సాల్బుటమాల్ ఇచ్చారనుకోండి. అది గొట్టాల్ని వదులు చేయడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. 6:45కి హైపర్‌టానిక్ సెలైన్ (గాఢమైన ఉప్పునీరు) నెబ్యులైజేషన్, మామూలుగా 4 మి.లీ., పది నిమిషాల పని. అవ్వగానే తట్టడం మొదలుపెడితే ఏడుంబావుకు అయిపోతుంది. నెబ్యులైజర్‌లో ఇచ్చే యాంటీబయాటిక్ ఏదైనా ఉంటే అది అన్నింటికన్నా ఆఖరున. ముందే ఇస్తే మందు కఫం మీద పడి, ఆ కఫంతోపాటే బయటికొచ్చేస్తుంది. ఆ తరవాత టిఫిన్, తిన్నది అరగడానికి ఇచ్చే ఎంజైము. ఈ వరసను తలకిందులు చేయడం ఇళ్లలో తరచుగా జరిగే పొరపాటు. ముఖ్యంగా ఆఫీసు తొందరలో యాంటీబయాటిక్ ముందు కానిచ్చేసి, ఫిజియో సంగతి తరవాత చూద్దామనుకుంటారు.

కఫాన్ని పల్చబరిచే డోర్నేస్ ఆల్ఫా అనే నెబ్యులైజర్ మందు రాసి ఉంటే దాని లెక్క వేరు. 2.5 మి.లీ. ఆంప్యూల్‌లో 2.5 మిల్లీగ్రాములు, రోజుకు ఒకసారి. ఫిజియోకు ముందో వెనకో డాక్టర్ చెప్పిన వేళకే ఇవ్వాలి, రోజూ అదే వేళకు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా దాని కవర్‌లోనే ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. మెడికల్ షాపు నుంచి తెచ్చేటప్పుడు, మే నెల ఎండలో బైకు డిక్కీలో ఒట్టిగా పడేసి తెస్తే ఆ మందును నమ్మలేం. ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో, ఐస్‌కు నేరుగా తగలకుండా తేవాలి. ఇంకో మందుతో ఒకే కప్పులో ఎప్పుడూ కలపకూడదు. అల్ట్రాసానిక్ మిషన్‌లో వేయకూడదు, గాలి ఒత్తిడితో పనిచేసే జెట్ నెబ్యులైజర్ కావాలి.

సెలైన్ గురించి ఇంకాస్త. 3 శాతం, 7 శాతం రెండూ వాడుకలో ఉన్నాయి. 7 శాతం ఘాటుగా ఉంటుంది, కొంతమంది పిల్లలకు గొట్టాలు బిగుసుకుంటాయి, అందుకే మొదటి డోసు ఆస్పత్రిలో డాక్టర్ కళ్ల ముందే ఇప్పించాలి. 7 శాతం దొరక్కపోతే డాక్టర్‌ను అడిగి 3 శాతానికి మారండి. వంటింటి ఉప్పుతో మాత్రం ఎప్పుడూ కలపొద్దు. మన దగ్గర ఇంకో అలవాటు ఉంది. 3 శాతం సెలైన్ 100 మి.లీ. సీసా కొని, సూదితో గుచ్చి రోజూ కాస్త కాస్త తీస్తూ వారాల తరబడి వాడతారు. గుచ్చిన సీసా మొదటి రోజే తన శుభ్రత పోగొట్టుకుంటుంది. ఖర్చు ఎక్కువైనా ఒక్కసారికి సరిపడే చిన్న ప్యాకింగ్ అడగండి, మిగిలింది పారేయండి.

మాస్కు దగ్గరే మందు పోతుంది

బిడ్డ ఏడుస్తోందని మాస్కును మొహానికి కాస్త దూరంగా పట్టుకుంటారు. ఒక్క సెంటీమీటరు దూరం జరిగినా మందులో చాలా భాగం గదిలోకే పోతుంది. ముక్కు, నోరు రెండూ కప్పేలా, బుగ్గలకు ఆనేలా ఉండాలి. పెద్దల మాస్కు ఎంత నొక్కినా ఆనదు, పిల్లల సైజే కావాలి. ఇక ఏడుపు. ఏడుస్తున్న బిడ్డ పొడుగ్గా గాలి వదిలి, చటుక్కున పీల్చుకుంటుంది. మందు గొంతులో అంటుకుని కడుపులోకి పోతుంది తప్ప ఊపిరితిత్తుల దాకా చేరదు. ఏడిస్తే మందు ఇంకా బాగా లోపలికి పోతుందని చాలామంది నమ్ముతారు, అది తప్పు. ఏడుపు మొదలైతే మిషన్ ఆపి, రెండు నిమిషాలు ఎత్తుకుని తిప్పి, మళ్లీ మొదలుపెట్టడమే లాభం.

ఒడిలో నిటారుగా కూర్చోబెట్టండి. కప్పు ఒరిగితే మందు జెట్‌కు అందదు, పొగ ఆగిపోతుంది. 4 మి.లీ. పది నిమిషాల్లో అయిపోవాలి. ఇరవై పడుతోందంటే గొట్టం వదులైందో, జెట్ రంధ్రంలో తెల్లటి పొర పట్టిందో, ఫిల్టర్ మసిబారిందో చూడాలి. ఈ మూడూ బాగున్నా పొగ పల్చగానే వస్తుంటే కంప్రెసర్ (గాలి కొట్టే మిషన్) బలం తగ్గినట్టు. పొగ గుడగుడమంటూ ఆగి ఆగి వస్తుంటే కప్పును వేలితో ఒకసారి తట్టి, ఇంకో అర నిమిషం చూసి ఆపేయవచ్చు. అడుగున దాదాపు ఒక మి.లీ. మిగిలిపోతుంది, అది సహజం. అయ్యాక మొహం నీళ్లతో తుడవండి, ఉప్పుకు చర్మం మండుతుంది.

కంప్రెసర్ మోతకు భయపడే పిల్లలుంటారు. పొడవాటి గొట్టం కొని మిషన్‌ను కొంచెం దూరంగా మడత దుప్పటి మీద పెడితే మోత తగ్గుతుంది. గాలి పీల్చుకునే వైపు మూసుకోకూడదు సుమా. మాస్కును మందు లేకుండా ఆటవస్తువులా పగలంతా ఇచ్చి, బొమ్మకు పెట్టించి అలవాటు చేస్తే రెండు వారాల్లో మార్పు కనిపిస్తుంది. ఒక కార్టూన్ కేవలం ఈ పది నిమిషాలకే కేటాయించండి, వేరే వేళ అది చూపించొద్దు. ఈ ఒక్క చోట ఫోన్ ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను.

చేతులతో

అరచేతిని దోసిలిలో నీళ్లు పట్టినట్టు గుంట చేయాలి, వేళ్లు దగ్గరగా, బొటనవేలు చూపుడువేలికి ఆనించి. గుంట సరిగా ఉంటే డబ్ డబ్ అని బోలుగా శబ్దం వస్తుంది. ఛట్‌మని వచ్చిందంటే చేయి బల్లపరుపుగా ఉంది, చర్మం ఎర్రబడుతుంది, బిడ్డకు నొప్పి. ఏడాది పిల్లకు పెద్దవాళ్ల చేయి మొత్తం ఛాతీ అంత ఉంటుంది, అప్పుడు మూడు వేళ్లను గుడారంలా దగ్గరకు చేర్చి తట్టాలి, లేదా మెత్తటి సిలికాన్ కప్పు వాడుకోవచ్చు. కదలిక మణికట్టు నుంచి రావాలి, మోచేతి నుంచి కాదు. సెకనుకు మూడు నాలుగు సార్లు, ఒకే లయ. గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయండి. బిడ్డకు పల్చటి కాటన్ బనియన్ ఉండాలి, ఒట్టి చర్మం మీద వద్దు, మందపాటి స్వెటర్ మీద అసలే వద్దు.

వెన్నుపూస మీద, రొమ్ము మధ్య ఎముక మీద, పొట్ట మీద, పక్కటెముకల కింది అంచు దాటి నడుము వైపు తట్టకూడదు. కింద కాలేయం, ప్లీహం, మూత్రపిండాలు ఉంటాయి.

భంగిమలు ఆరు, ఒక్కోటి రెండు మూడు నిమిషాలు. ఒడిలో కూర్చోబెట్టి దిండు మీదికి కాస్త ముందుకు వాల్చి, భుజాల కింద వీపు పైభాగం రెండు వైపులా తట్టాలి. తరవాత మీ ఛాతీకి ఆనించి వెనక్కి వాల్చుకుని, కాలర్ ఎముకకూ చనుమొనకూ మధ్య ముందు భాగం. ఎడమ పక్కకు పడుకోబెట్టి కుడి చంక కింద నుంచి డొక్క పైదాకా, తరవాత అటు తిప్పి ఇటు. పక్కకు పడుకోబెట్టినప్పుడు ఒళ్లు కొంచెం వెనక్కి ఒరిగేలా వెనక దిండు పెడితే ఊపిరితిత్తుల మధ్య భాగాలకూ అందుతుంది. కుడి వైపు మధ్య భాగంలో కఫం ఇరుక్కునే అవకాశం ఎక్కువ కాబట్టి అక్కడ తొందరపడొద్దు. బోర్లా పడుకోబెట్టి రెక్క ఎముకల కింద, వెన్నుపూసకు రెండు వైపులా. ఆఖరున వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ ముందు వైపు, చనుమొనల కింది దాకా.

తల కిందికి, కాళ్లు పైకి పెట్టే పాత బొమ్మలు ఇప్పటికీ జిరాక్స్ కాగితాల మీద తిరుగుతున్నాయి. చిన్నపిల్లలకు అలా చేయకండి. కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది. మెల్బోర్న్ ఫిజియోథెరపిస్టులు అయిదేళ్లు గమనించి 2003లో ప్రచురించిన ఫలితాల్లో తల వంచకుండా చేసిన పిల్లల ఎక్స్‌రేలు, తరవాతి వయసులో ఊపిరితిత్తుల పనితీరు మెరుగ్గా ఉన్నాయి. మంచం చదునుగా ఉంటే చాలు.

బిడ్డ మధ్యలో నిద్రపోతే కంగారు పడొద్దు, ఒత్తిడి సరిగ్గా ఉందని అర్థం. ప్రతి భంగిమ తరవాత లేపి కూర్చోబెట్టి, చక్కిలిగిలి పెట్టి నవ్వించండి. గట్టి నవ్వు దగ్గు తెప్పిస్తుంది. ఈ వయసు పిల్లలు కఫాన్ని ఉమ్మరు, మింగేస్తారు. దాంతో నష్టం లేదు, ఊపిరితిత్తుల్లోంచి బయటపడిందా లేదా అన్నదే లెక్క. దగ్గు మొదలవగానే నాయనమ్మ పరిగెత్తుకొచ్చి "పిల్లకు దగ్గొస్తోంది, ఆపండి" అంటుంది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ దగ్గు కోసమే ఇంతసేపూ చేస్తున్నామని ఓపిగ్గా చెప్పాలి, చేయి పట్టి నేర్పాలి. ఇంట్లో కనీసం ఇద్దరికి ఈ పని రాకపోతే ఒకరికి జ్వరం వచ్చిన రోజున అంతా ఆగిపోతుంది. ఫిజియోథెరపిస్టును అడిగి వాళ్ల చేతి కదలికను వీడియో తీసుకోండి, మూడు నెలలకోసారి మీ చేతిని వాళ్లకు చూపించండి. లయ తెలియకుండానే మారిపోతుంది. బిడ్డ పెరిగేకొద్దీ తట్టాల్సిన చోటూ మారుతుంది.

ఊపిరి వదిలేటప్పుడు చేతితో వణికించే పద్ధతిని ఫిజియోథెరపిస్టు స్వయంగా నేర్పితేనే చేయండి. నిమిషానికి ఇరవై అయిదు ముప్పై సార్లు ఊపిరి తీసే బిడ్డతో ఆ సమయం కుదరడం కష్టం.

ఊదే ఆటలు

ఏడాదిన్నర నుంచే టిష్యూ పేపరు ముక్కను మొహం ముందు వేలాడదీసి ఊదించడం, సబ్బు బుడగలు, కాగితపు గాలిమర మొదలుపెట్టవచ్చు. ఇవి ఫిజియోకు బదులు కాదు, ఊదడం అనే విద్య నేర్పడానికి. రెండున్నర మూడేళ్లకు అద్దం మీద ఆవిరి పట్టేలా "హా" అని నోరు బాగా తెరిచి ఊదించండి. అదే రేపు హఫ్ (కఫాన్ని పైకి తెచ్చేలా బలంగా ఊపిరి వదలడం) అవుతుంది. పెదాలు ముడిచి ఊదితే లాభం లేదు, అట్ట గొట్టం ఒకటి నోట్లో పెడితే నోరు తెరుచుకునే ఉంటుంది.

మూడేళ్లు దాటుతుండగా బుడగల సీసా. లీటరు సీసాలో పది సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి, లోపలి వెడల్పు ఒక సెంటీమీటరు ఉండే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం అడుగు దాకా దింపాలి. ఊదినప్పుడు ఆ పది సెంటీమీటర్ల నీటి బరువు ఎదురుగా నెట్టి గాలిగొట్టాల్ని తెరిచి ఉంచుతుంది. గొట్టం సన్నదైతే ఒత్తిడి లెక్కకు మించి పెరిగిపోతుంది, కాబట్టి జ్యూస్ స్ట్రాలు పనికిరావు. మన పిల్లలకు స్ట్రా కనిపిస్తే పీల్చడమే అలవాటు. ఊదడం నమ్మకంగా వచ్చేదాకా ఆగాలి, కాచి చల్లార్చిన ఒట్టి నీళ్లే పోయాలి. ఆ తరవాత కావాలంటే నురగ కోసం ఒక చుక్క డిష్ లిక్విడ్. ఆట అవ్వగానే నీళ్లు పారబోసి, సీసా, గొట్టం కడిగి ఆరబెట్టాలి. గొట్టం లోపల తడి మిగిలితే మార్చేయండి.

పెద్ద జిమ్ బాల్ మీద కూర్చోబెట్టి నడుము పట్టుకుని ఎగరేయడం చాలామంది పిల్లలకు ఇష్టం, దగ్గు కూడా బాగా వస్తుంది. ఇక ఛాతీని వణికించే జాకెట్ల విషయం. లక్షల్లో ధర, ఈ వయసు ఛాతీకి చాలా మోడళ్లు సరిగా సరిపోవు. కెనడాలో ఆరేళ్లు దాటినవాళ్ల మీద జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో జాకెట్ కన్నా పెప్ మాస్కు (ఊపిరి వదిలేటప్పుడు ఎదురు ఒత్తిడి ఇచ్చేది) వాడినవాళ్లకే ఛాతీ ఇన్ఫెక్షన్లు తక్కువ వచ్చాయి. అప్పు చేసి కొనాల్సిన వస్తువు కాదని నా గట్టి అభిప్రాయం.

సామాను శుభ్రం

తడిగా వదిలేసిన నెబ్యులైజర్ కప్పు సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరగడానికి కావలసినంత చోటు. మందుతోపాటు దాన్నే బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పంపినట్టవుతుంది. వాడిన ప్రతిసారీ కప్పును విడదీసి, గోరువెచ్చటి నీళ్లు, డిష్ లిక్విడ్‌తో కడగాలి. తరవాత మరిగే నీళ్లలో అయిదు నిమిషాలు. ప్రతిసారీ మరిగించలేకపోతే రోజుకు ఒక్కసారైనా తప్పనిసరి. రెండు మూడు కప్పులు ఉంటే పని సులువు. అడుగున స్టీలు జల్లెడ పెడితే ప్లాస్టిక్ గిన్నెకు తగిలి కరగదు. ఏ భాగం మరిగించవచ్చో మిషన్‌తో వచ్చిన కాగితంలో చూడండి, కొన్ని మాస్కులు మరిగిస్తే వంకర పోతాయి. ఆ గిన్నె దీనికే ఉంచండి.

బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో ఇదే మరిగింపు కొత్త తలనొప్పి తెస్తుంది. గట్టి నీటిలోని సున్నం జెట్ రంధ్రంలో పేరుకుంటుంది. ఫిల్టర్ నీళ్లతో మరిగించండి. వెనిగర్‌లో నానబెడితే క్రిములన్నీ చావవు. నేల తుడిచే, గాయాలు కడిగే యాంటిసెప్టిక్ ద్రవాలు వాడొద్దు, వాటి ఆనవాలు మిగిలితే బిడ్డే పీల్చాలి.

తీసిన భాగాల్ని గుడ్డతో తుడవకుండా, నీళ్లు విదిలించి, శుభ్రమైన ఆరిన గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పాలి. సింకు పక్కన కాదు, సింకు గొట్టంలోంచి చిందే నీళ్లలోనే సూడోమోనాస్ ఉంటుంది. వానాకాలంలో ఆరడం ఆలస్యమవుతుంది, ఖాళీ కప్పు బిగించి కంప్రెసర్‌ను ఓ నిమిషం నడిపితే లోపలి తడి పోతుంది. గాలి గొట్టాన్ని మాత్రం కడగకూడదు, లోపల ఆవిరి కనిపిస్తే ఇలాగే గాలి కొట్టి ఆరబెట్టాలి.

ఇదే సూత్రం ఇల్లంతటికీ వర్తిస్తుంది. నీళ్లు పీల్చి చిమ్మే రబ్బరు బొమ్మలు స్నానంలో వద్దు. రోజంతా నిలవున్న బకెట్ నీళ్లు వద్దు. ఎండాకాలం డెజర్ట్ కూలర్ ఉన్న గదిలో ఈ బిడ్డను పడుకోబెట్టకండి, ఆ గడ్డిలో, తొట్టిలో బూజు, బాక్టీరియా రెండూ ఉంటాయి. ఫ్యాన్ లేదా ఫిల్టర్ తరచూ కడిగే ఏసీ నయం. బాల్కనీలో పావురాల రెట్టలుంటే బిడ్డ లేనప్పుడు తడిపి తీయించి, వల కట్టించండి. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల కాయిల్, దీపావళి పొగ దేన్నీ మినహాయించలేం. పూజ మానమని ఎవరూ అనరు, దీపం చాలు. దోమలకు దోమతెర ఉంది.

ఒంట్లో బాగోలేనప్పుడు

దగ్గు తడిగా మారినా, రాత్రిళ్లు దగ్గుతున్నా, తిండి తగ్గినా, బరువు పెరగడం ఆగినా ఫిజియో రెండు నుంచి మూడు నాలుగు సార్లకు పెంచాలి, ఒక్కోసారి సేపు తగ్గించి అయినా. అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయాలి, చూద్దాంలే అని వారం ఆగొద్దు. నిద్రలో ఉండగా నిండు నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది దాటిన బిడ్డకు నిమిషానికి 40 వస్తే అది వేగమే. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతున్నా, పెదాలు నీలంగా మారినా, కఫంలో రక్తం పడినా తట్టడం ఆపి ఆస్పత్రికి బయల్దేరాలి. పెద్దల వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఈ చిన్న వేలికి సరిగా కూర్చోదు, పిల్లల ప్రోబ్ లేకుండా ఆ అంకెను నమ్మి ఇంట్లో కూర్చోవద్దు.

మందుల షాపులో దగ్గు సిరప్ అడగగానే ఇచ్చేస్తారు. దగ్గును అణిచే మందు ఈ బిడ్డకు పూర్తిగా హాని, కఫం లోపలే ఉండిపోతుంది. జలుబుకిచ్చే యాంటిహిస్టమిన్లు కఫాన్ని ఇంకా ఎండబెడతాయి. మూడు నెలలకోసారి గొంతు స్వాబ్ కల్చర్ చేయించేటప్పుడు ల్యాబ్ ఫారం మీద సిస్టిక్ ఫైబ్రోసిస్ అని పెద్దక్షరాల్లో రాయించండి, ఈ జబ్బులో వచ్చే కొన్ని క్రిముల్ని ల్యాబ్‌లో పెంచడానికి వేరే మీడియం కావాలి. సూడోమోనాస్ మొదటిసారి కనిపించినప్పుడే గట్టిగా వైద్యం చేస్తే పోగొట్టే అవకాశం ఉంది, పాతుకుపోయాక అది కష్టం.

ఏప్రిల్, మే నెలల్లో పాదరసం 40 దాటిన రోజుల్లో కఫం మరీ చిక్కబడుతుంది, చెమటతో ఉప్పు పోతుంది. ఒట్టి నీళ్లే ఎక్కువ తాగిస్తే రక్తంలో సోడియం ఇంకా పల్చబడుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, ప్యాకెట్ మీద రాసినంత నీటిలో సరిగ్గా కలిపిన ఓఆర్ఎస్, డాక్టర్ లెక్కగట్టిన అదనపు ఉప్పు ఇవ్వాలి. బిడ్డ వాడిపోయినట్టుండి వాంతులు చేసుకుంటుంటే ఎండదెబ్బ అని సరిపెట్టకుండా సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్ పరీక్ష అడగండి. మన వాతావరణంలో ఈ జబ్బు మొదటిసారి బయటపడేది కూడా కొందరిలో ఇలాగే.

ఓపీలో ఇదే జబ్బు ఉన్న ఇంకో బిడ్డ కనిపిస్తే తల్లిదండ్రులు మాట్లాడుకోండి, పిల్లల్ని మాత్రం రెండు మీటర్ల దూరంలో ఉంచండి. ఒకరి క్రిములు ఇంకొకరికి అంటుకుంటే మామూలు జలుబులా పోవు.

ఊరికి వెళ్లేటప్పుడు

సాల్బుటమాల్‌కు పంపు (ఇన్‌హేలర్), మాస్కు ఉన్న స్పేసర్ (పంపుకు తగిలించే బోలు గొట్టం) తీసుకెళ్తే ఒక నెబ్యులైజేషన్ తగ్గుతుంది. పంపు ఊపి, ఒక్కో పఫ్ విడిగా నొక్కి, అయిదారు ఊపిర్ల దాకా మాస్కు ఆనించి పట్టుకోవాలి. రెండు పఫ్‌లు ఒకేసారి నొక్కితే మందు గోడకే అంటుకుంటుంది. స్పేసర్‌ను సబ్బు నీళ్లలో ముంచి తీసి, తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే లోపల స్టాటిక్ పుట్టి మందును లాక్కుంటుంది. సెలైన్‌కు కంప్రెసర్ తప్పదు. దాని లేబుల్ మీద ఎన్ని వాట్లో చూసి, వెళ్లే ఇంటి ఇన్వర్టర్ మోయగలదో లేదో ముందే అడగండి. చుట్టూ ఎవరున్నా, పెళ్లి ఇల్లయినా, సాయంత్రం ఆరున్నరకు ఒక గది, ఒక దిండు, ఒక ప్లగ్ పాయింట్ కావాలని వెళ్లగానే ఇంటివాళ్లకు చెప్పి ఉంచండి. మరిగించే గిన్నె, జల్లెడ కూడా బ్యాగులోనే పెట్టుకోండి.